ఊరికే ఇచ్చిన సంతకానికి ఇప్పుడు 250 డాలర్లు ఎందుకు?

ప్రశ్న: మాది న్యూజెర్సీ. మా పన్నెండేళ్ల బాబుకి బేస్‌బాల్ అంటే ప్రాణం. వచ్చే నెల ఇక్కడ జరిగే కార్డ్ షోకి (ఆటగాళ్ల బొమ్మల కార్డులు, సంతకాలు, జ్ఞాపికలు అమ్మే సంతకి) రిటైరైన హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడు (బేస్‌బాల్‌లో అత్యున్నత గౌరవం పొందినవాడు) ఒకాయన వస్తున్నాడు. బంతి మీద సంతకానికి 250 డాలర్లు అంటున్నారు. పక్కన రెండు మాటలు రాయాలంటే ఇంకో 75 అట. మా పొరుగింటి పెద్దాయన మాత్రం తన చిన్నతనంలో గేటు దగ్గర నిలబడి అడిగితే ఊరికే ఇచ్చేవారని చెబుతున్నారు. ఇంత ఎందుకు పెరిగింది? ఇప్పుడు కొంటే రేపు విలువ పెరుగుతుందా?

సమాధానం:

మీ పొరుగాయన చెప్పింది నిజమే. నేను 1990ల నుంచి ఇక్కడి కార్డ్ షోలకు వెళ్తున్నాను, సంతకాలు సేకరిస్తున్నాను, కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు కొనేముందు వస్తువు చూసిపెడుతున్నాను. ఈ ధరలు ఎలా పెరిగాయో దగ్గర నుంచి చూసినవాడిగా ముందే ఒక మాట చెప్తాను. మీరు కట్టే 250 డాలర్లలో పెద్ద భాగం ఆ సంతకం ఆ మనిషే పెట్టాడన్న నమ్మకానికి పోతుంది. ఆ నమ్మకం ఒకప్పుడు ఉచితం. మధ్యలో అది పోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి అయిన ఖర్చును ఇప్పుడు మనందరం కడుతున్నాం.

ముందు ద్రవ్యోల్బణం లెక్క తీసేద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. అమెరికాలో 1980 నుంచి 2024 వరకు ధరలు సుమారు 3.8 రెట్లు పెరిగాయి. అంటే ఆ రోజుల్లో షోలో 5 డాలర్లు తీసుకున్న సంతకం ఈ లెక్కన ఇప్పుడు 19 డాలర్లు ఉండాలి. 250కి అదొక్కటే కారణం కాదు.

అసలు కథ ఆటగాళ్ల జీతాల్లో ఉంది. 1975 డిసెంబరులో వచ్చిన ఒక మధ్యవర్తి తీర్పుతో బేస్‌బాల్ ఆటగాళ్లకు, కాంట్రాక్టు ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ దొరికింది. అంతకుముందు ఎంత గొప్పవాడైనా యజమాని ఇచ్చిందే జీతం. న్యూయార్క్ యాంకీస్ జట్టు స్టార్ జో డిమాజియో 1949లో ఏడాదికి లక్ష డాలర్లు అందుకుంటే అదొక సంచలనం. 1960లలో అదే జట్టు స్టార్ మికీ మాంటిల్ జీతమూ లక్ష దగ్గరే ఆగిపోయింది. ఈ తరం వాళ్లు రిటైరయ్యాక చాలామందికి పెద్ద ఆస్తులేమీ లేవు. సరిగ్గా అప్పుడే, 1970ల చివర్లో కార్డ్ షోలు ఊపందుకున్నాయి. ఇప్పటికీ ఏటా జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. చిన్నప్పుడు మాంటిల్‌ని చూస్తూ పెరిగిన పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో కుదురుకుని జేబులో డబ్బుతో ఉన్నారు. షో పెట్టేవాళ్లు పాత ఆటగాణ్ని పిలిచి, ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, టికెట్ పెట్టి సంతకాలు చేయించారు. మొదట్లో ఆ టికెట్ చాలా చవక. అది చూడటానికి చిన్న ఏర్పాటే కానీ, సంతకానికి ఒక ధర ఉంటుందన్న ఆలోచన అక్కడే పుట్టింది.

అది ఎంత వేగంగా పెరిగిందంటే, మాంటిల్ ఆడిన రోజుల్లో మొత్తం మీద సంపాదించిన దానికంటే, చివరి సంవత్సరాల్లో సంతకాలతో, షోలతో సంపాదించిందే ఎక్కువ. ఆయన 1995లో చనిపోయాడు. డిమాజియో అయితే తన 1941 సీజన్‌ని గుర్తుచేస్తూ సరిగ్గా 1,941 బ్యాట్ల మీద సంతకాలు చేశాడు. ఆ ఏడాది వరుసగా 56 మ్యాచుల్లో హిట్ కొట్టాడు కాబట్టి ఆ అంకెకి అంత మోజు. ఆడిన కాలంలో ఏడాదికి లక్ష డాలర్లు దాటితే గొప్ప అనుకున్న మనిషికి ఒక్క ఒప్పందంతో లక్షల డాలర్లు వచ్చాయి. దీన్ని దురాశ అని తిట్టేవాళ్లను నేను చాలామందిని విన్నాను, నేనైతే ఒప్పుకోను. వాళ్ల ఆట మీద ఎవరెవరో దశాబ్దాల పాటు కోట్లు గడించారు. వాళ్ల చేతికి వాటా దక్కింది ముసలితనంలో, ఆ రూపంలో.

ఇప్పటి వాళ్ల సంగతి వేరు. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సగటు జీతం 1992లో మొదటిసారి పది లక్షల డాలర్లు దాటింది. 2025 సీజన్ మొదలయ్యేటప్పటికి అది 50 లక్షలు దాటింది. అంత సంపాదించేవాణ్ని శనివారం పూట ఇంటి నుంచి కదిలించి మీ ఊరి హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టాలంటే చిన్న మొత్తాలు సరిపోవు. షో నిర్వాహకుడు అతనికి ముందే గ్యారంటీ సొమ్ము కట్టాలి. విమానం, హోటల్, హాలు అద్దె, సెక్యూరిటీ అన్నీ కలిపి ఆ మొత్తాన్ని కొన్ని వందల టికెట్ల మీద పంచాలి. అందుకే ఫొటోకి ఒక రేటు, బంతికి ఒక రేటు, జెర్సీకీ బ్యాటుకీ ఇంకా ఎక్కువ రేటు. సంతకం పక్కన ఏదైనా రాయించడాన్ని ఇక్కడ ఇన్‌స్క్రిప్షన్ అంటారు, దానికి వేరే టికెట్. మీరు చెప్పిన 75 అదే.

ఇక డబ్బు చుట్టూ వచ్చిన చీకటి వైపు. షోలలో నగదు చేతులు మారేది, లెక్కలు ఉండేవి కావు. బేస్‌బాల్ స్టార్ పీట్ రోజ్ 1990లో పన్ను కేసులో నేరం ఒప్పుకుని ఐదు నెలల శిక్ష అనుభవించాడు. అతను దాచిన మూడున్నర లక్షల డాలర్ల పైచిలుకు ఆదాయంలో సంతకాల సొమ్ము, జ్ఞాపికల సొమ్ము, గుర్రప్పందాల సొమ్ము కలిసి ఉన్నాయి. 1995లో పాత ఆటగాళ్లు డ్యూక్ స్నైడర్, విల్లీ మెక్‌కోవీ కూడా షోల ఆదాయం చూపనందుకు నేరం ఒప్పుకున్నారు. మెక్‌కోవీకి 2017లో అధ్యక్షుడు ఒబామా క్షమాభిక్ష పెట్టాడు.

పన్ను ఎగవేత ప్రభుత్వానికి నష్టం. నకిలీ సంతకాలు మాత్రం నేరుగా మనలాంటి వాళ్లకు నష్టం. ధర పెరగ్గానే దొంగ సంతకాలు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. 1990ల చివర్లో శాన్ డియేగో కేంద్రంగా ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దర్యాప్తు చేసింది. అప్పటికి సంతకం చేసిన క్రీడా వస్తువుల మార్కెట్ ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లని, అందులో సగానికి పైగా నకిలీ కావచ్చని వాళ్ల అంచనా. దొరికిన వస్తువుల్లో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది! ఆమె బేస్‌బాల్ మీద సంతకం ఎందుకు చేస్తారని ఎవరూ అడగలేదు, పక్కన ఒక సర్టిఫికెట్ ఉంటే చాలనుకున్నారు. అంతకన్నా బాధ కలిగించే ఉదాహరణ టోనీ గ్విన్‌ది. తను ఆడే శాన్ డియేగో పాడ్రేస్ జట్టు షాపులోనే తన పేరుతో అమ్ముతున్న సంతకాలు తనవి కావని అతనే గుర్తించాడు. సొంత జట్టు షాపులో కొన్నదే నమ్మలేనప్పుడు మామూలు అభిమాని ఎక్కడ కొనాలి?

ఆ దెబ్బతోనే వ్యవస్థ మారింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో సొంత ధృవీకరణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి మ్యాచ్ దగ్గరా ఆ పని మీద మనిషి ఉంటాడు, వాళ్లలో చాలామంది పోలీసు శాఖలో పనిచేసినవాళ్లు. తన కళ్ల ముందు జరిగితేనే నంబరున్న హోలోగ్రామ్ స్టిక్కర్ అంటిస్తాడు. ఆ నంబరు ఇంటర్నెట్‌లో కొడితే వివరం వస్తుంది. ఆటగాళ్ల కార్డులు తయారుచేసే అప్పర్ డెక్ కంపెనీ 1992 నుంచే ఈ పద్ధతిలో బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డన్ సంతకాలను అమ్ముతోంది. ఎవరూ చూడని పాత సంతకాల కోసం నిపుణుల సంస్థలు వచ్చాయి: 1998లో పీఎస్‌ఏ/డీఎన్‌ఏ, ఆ తర్వాత జేఎస్‌ఏ, బెకెట్. మన ఊళ్లో హాల్‌మార్క్ లేని నగకీ ఉన్న నగకీ ఎంత తేడా చూస్తామో, ఇక్కడ ఈ సంస్థల కాగితం ఉన్న బంతికీ లేని బంతికీ అంత తేడా. నిజమైన సంతకమే అయినా కాగితం లేకపోతే సగం ధర పలకదు. చూసేవాడికి జీతం, స్టిక్కరుకి ఖర్చు, నిపుణుడికి ఫీజు, అన్నీ చివరికి వచ్చి టికెట్ మీదే పడతాయి.

ఇంకో మార్పు 1995లో మొదలైన ఈబే తెచ్చింది. అంతకుముందు ఆటగాడికి తిరుగు కవరు, స్టాంపు జతచేసి ఉత్తరం రాస్తే సంతకం చేసి పంపేవారు. ఊరికే ఇచ్చిన సంతకం మర్నాడే వేలంలో కనిపిస్తే ఏ మనిషికైనా మనసు విరుగుతుంది. కొందరు పూర్తిగా మానేశారు, కొందరు ఉత్తరానికీ రుసుము పెట్టారు, కొందరు అడిగినవాళ్ల పేరు కూడా రాస్తే తప్ప ఇవ్వబోమన్నారు. పొరుగాయన కాలం అలా ముగిసింది.

ఇప్పుడు విలువ పెరుగుతుందా అన్న ప్రశ్న. ఇక్కడ ఆటలో గొప్పతనం ఒక్కటే లెక్క కాదు, ఎన్ని సంతకాలు మిగిలి ఉన్నాయన్నది దానికంటే పెద్ద లెక్క. షూలెస్ జో జాక్సన్‌ని చూడండి. 1919 వరల్డ్ సిరీస్ (సీజన్ ఆఖరి ఛాంపియన్‌షిప్ పోరు) డబ్బుకి ఓడిపోయారన్న కుంభకోణంతో ఆట నుంచి బహిష్కరణకు గురైనవాడు. చదువు రాదు. ఉత్తరాల మీద సంతకాలు ఎక్కువగా భార్యే చేసేది. కాబట్టి అతను స్వయంగా పెట్టిన సంతకాలు చాలా అరుదు. 1990లో అలాంటి ఒక కత్తిరించిన సంతకం 23,100 డాలర్లకు అమ్ముడైతే అందరూ నోరెళ్లబెట్టారు. 2021లో అతను సంతకం చేసిన 1911 నాటి ఫొటో ఒకటి క్రిస్టీస్ వేలంలో 14 లక్షల 70 వేల డాలర్లు పలికింది. కాగితం ముక్కా ఫొటో ఒకటి కావు కానీ, ముప్పై ఏళ్లలో మార్కెట్ ఎటు పోయిందో చూపించడానికి ఇంతకన్నా మంచి జత నాకు కనపడలేదు.

బేస్‌బాల్‌లో అందరికన్నా పేరున్న పాతకాలం ఆటగాడు బేబ్ రూత్ దీనికి పూర్తిగా ఎదురు. అడిగిన ప్రతి పిల్లవాడికీ సంతకం చేసిన మనిషి. అతని బంతులు వేలల్లో ఉన్నాయి. అయినా 2012లో అతను ఒక్కడే సంతకం చేసిన బంతి ఒకటి 3,88,375 డాలర్లకు పోయింది. ఎందుకంటే ఆ వేల బంతుల్లో ఎక్కువ భాగంతో పిల్లలు ఆడేసుకున్నారు, లేదా కిటికీ పక్కన పెట్టి సిరా వెలిసిపోనిచ్చారు. నిన్న రాసినట్టు ఉన్న బంతి దొరకడం కష్టం.

క్రికెట్‌లో ఈ సూత్రం ఇంకా బాగా కనిపిస్తుంది. డాన్ బ్రాడ్‌మన్ కంటే గొప్ప బ్యాట్స్‌మన్ లేడు, కానీ ఆయన 92 ఏళ్లు బతికి, ముసలితనంలోనూ ఓపిగ్గా ఉత్తరాలకు జవాబులిస్తూ సంతకాలు చేశాడు. అందుకని మామూలు బ్రాడ్‌మన్ సంతకం ఆయన స్థాయితో పోలిస్తే చవకగానే దొరుకుతుంది. ఆయన ఒంటి మీది వస్తువులకే లక్షలు: తొలి టెస్టు నాటి టోపీ 2020లో నాలుగున్నర లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు అమ్ముడైంది. మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు, 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్, 1967లోనే పోయారు. ఆ జట్టు సంతకాలున్న కాగితం ఎవరింట్లోనైనా తాతగారి పెట్టెలో ఉంటే దయచేసి లామినేషన్ మాత్రం చేయించకండి. చాలామంది ప్రేమతోనే ఆ పని చేసి పాడు చేసుకుంటున్నారు.

గత ముప్పై ఏళ్లలో ధరను ఆకాశానికి తీసుకెళ్లింది మాత్రం బంతులు కాదు, కార్డులు. 1990లో అప్పర్ డెక్ బేస్‌బాల్ ఆటగాడు రెజీ జాక్సన్ కార్డులు 2,500 తీసుకుని వాటి మీద అతనితో సంతకాలు చేయించి మామూలు ప్యాకెట్లలో కలిపేసింది. ఎవరి ప్యాకెట్‌లో వస్తుందో తెలియదు. అక్కడి నుంచి సంతకం లాటరీ బహుమతి అయింది. తర్వాత కంపెనీలు ఒకే ఒక్క ప్రతి ఉన్న సంతకపు కార్డులు వేయడం మొదలుపెట్టాయి. బేస్‌బాల్ స్టార్ మైక్ ట్రౌట్ 2009 నాటి అలాంటి ఒక కార్డుని 2018లో ఒకతను 4 లక్షల డాలర్లకు కొని, 2020 ఆగస్టులో 39 లక్షల 36 వేలకు అమ్మాడు. 2025 మార్చిలో బేస్‌బాల్ ఆటగాడు పాల్ స్కీన్స్ తొలి మ్యాచ్ ప్యాచ్ కార్డు (ఆ మ్యాచ్‌లో అతని జెర్సీ మీదున్న గుడ్డ బ్యాడ్జి అతికించిన కార్డు) 11 లక్షల డాలర్లు దాటింది. అది దొరికింది మీ బాబు కంటే ఏడాది చిన్నవాడైన ఒక పదకొండేళ్ల పిల్లవాడికి. 2025 ఆగస్టులో జోర్డన్, మరో బాస్కెట్‌బాల్ స్టార్ కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ ఉన్న కార్డు కోటీ 29 లక్షల డాలర్లకు అమ్ముడై రికార్డు సృష్టించింది.

ఈ వార్తలు చదివి మీ 250 డాలర్లు కూడా అలా పెరుగుతాయనుకోవద్దు. కోట్లు పలికినవి కొరతను ముందే లెక్కగట్టి తయారుచేసిన వస్తువులు, లేదా కాలం మింగేయగా మిగిలినవి. షోకి వచ్చే ఆటగాడు ఒక్క రోజులో కొన్ని వందల బంతుల మీద సంతకం చేస్తాడు, వచ్చే నెల ఇంకో ఊళ్లో ఇంకొన్ని వందలు. పీట్ రోజ్ లాస్ వెగాస్‌లో ఏళ్ల తరబడి కూర్చుని సంతకాలు చేశాడు. 2024లో అతను పోయాక కూడా కావలసినన్ని దొరుకుతున్నాయి. పైగా అమ్మేటప్పుడు వేలం సంస్థ కమిషన్, నిపుణుడి ఫీజు పోతాయి. 2020, 2021లో ఎగబాకిన ధరలు ఆ తర్వాత చాలా వరకు కిందికి దిగాయి కూడా. టికెట్ రేటుకి కొన్న సంతకం పదేళ్లకు అదే రేటుకి అమ్ముడుపోతే సంతోషించాలి. పిల్లవాడి చదువు డబ్బు ఇందులో పెట్టే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

బాబు కోసం అయితే తప్పకుండా వెళ్లండి. ఇన్‌స్క్రిప్షన్ టికెట్ కొనే బదులు 'టు' అని బాబు పేరు రాయమని అడగండి. కొన్ని చోట్ల దానికి అదనంగా తీసుకోరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పేరు రాయిస్తే అమ్మకపు విలువ తగ్గుతుందని షోలో వ్యాపారులు మిమ్మల్ని ఆపుతారు. అమ్మే ఉద్దేశమే లేనప్పుడు ఆ మాట మీకు పనికిరాదు. బల్ల ముందు నిలబడినప్పుడు బాబునే మాట్లాడనివ్వండి. చాలామంది పాత ఆటగాళ్లు పెద్దవాళ్లు చాచిన బంతిని చూడకుండానే సంతకం చేస్తారు, అదే పిల్లలు తమ ఆట గురించి ఏదైనా అడిగితే తలెత్తి జవాబిస్తారు.

డబ్బు లేకుండా కూడా దారులున్నాయి. ఫిబ్రవరి, మార్చిలో ఫ్లోరిడా, అరిజోనాల్లో జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజన్‌కి ముందు జట్లు చేసే సాధనలో) ఉదయం కాస్త తొందరగా వెళ్లి కంచె దగ్గర నిలబడితే పేరున్నవాళ్లు కూడా ఊరికే సంతకం చేస్తారు. న్యూజెర్సీ చుట్టుపక్కల మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి పోటీల) మైదానాల్లో అయితే ఇంకా సులువు. అక్కడ సంతకం చేసిన కుర్రాడే నాలుగేళ్లకు మేజర్ లీగ్ స్టార్ కావచ్చు. క్రికెట్ ఇష్టమైతే 2023లో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచుల దగ్గర మన పిల్లలు ఆటగాళ్లను చాలా దగ్గరగా కలవగలుగుతున్నారు.

పాత బంతి ఏదైనా కొనాలనిపిస్తే, కాగితం చూసే ముందు బంతిని చూడండి. అధికారిక బంతుల మీద లీగ్ అధ్యక్షుడి పేరు అచ్చు వేసి ఉండేది. అమెరికన్ లీగ్‌లో విలియం హ్యారిడ్జ్ పేరు 1931 నుంచి 1959 మధ్యది, బాబీ బ్రౌన్ పేరు 1984 నుంచి 1994 మధ్యది. రాలింగ్స్ కంపెనీ మేజర్ లీగ్ బంతులు చేయడం 1977లో మొదలైంది. 1948లో చనిపోయిన రూత్ సంతకం బాబీ బ్రౌన్ పేరున్న బంతి మీద గానీ రాలింగ్స్ బంతి మీద గానీ కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. సిరా కూడా సాక్ష్యమే. బాల్‌పాయింట్ పెన్నులు అమెరికా షాపుల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. 1930ల నాటిదని చెప్పే సంతకం బాల్‌పాయింట్‌తో ఉంటే ఆ కథ అబద్ధం. జట్టు మొత్తం సంతకాలున్న పాత బంతుల మీద పెద్ద స్టార్ పేరుని డ్రెస్సింగ్ రూమ్ సిబ్బంది రాసేసిన సందర్భాలు కోకొల్లలు. అది మోసం కోసం చేసింది కాకపోయినా, అది స్టార్ సంతకం మాత్రం కాదు. అమ్మేవాడు సొంతంగా ప్రింట్ చేసిన సర్టిఫికెట్‌కి ఏ విలువా లేదు. స్టిక్కర్ నంబరు మీ ఫోన్‌లో మీరే టైప్ చేసి, అక్కడ కనిపించే వివరం చేతిలోని వస్తువుతో సరిపోయాకే డబ్బు ఇవ్వండి.

మీ షోకి ఇంకా నెల టైముంది కాబట్టి ఒక పని చేయండి. ఇప్పుడే ఒక కొత్త అధికారిక బంతి కొని ఉంచుకోండి, షోలో అదే బంతి ఎక్కువ రేటు ఉంటుంది. వెంట ఒక మంచి నీలం బాల్‌పాయింట్ పెన్ తీసుకెళ్లండి. అక్కడ మార్కర్ ఇస్తే వద్దని మీ పెన్ ఇవ్వండి, మార్కర్ సిరా తోలు మీద కొన్నేళ్లకు పాకిపోతుంది. కుట్ల మధ్య ఇరుగ్గా ఉండే చోటు వైపు తిప్పి ఇవ్వమని బాబుకి ముందే చూపించండి. దాన్నే స్వీట్ స్పాట్ అంటారు. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ క్యూబ్‌లో పెట్టి, ఎండ పడని అలమరలో ఉంచండి.